డైమండ్ అన్విల్ సెల్‌తో భూకేంద్రకం మీద పరిశోధన: పీహెచ్‌డీకి ముందు ఏం తెలిసి ఉండాలి?

కోర్_విద్యార్థి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖలో జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. గ్రహాల లోతుల మీద, ముఖ్యంగా భూమి కేంద్రకం మీద పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. మా సిలబస్ ఎక్కువగా చమురు, ఖనిజాల అన్వేషణ వైపే ఉంటుంది. హై ప్రెషర్ ల్యాబ్ లోపల పని ఎలా సాగుతుందో చెప్పేవాళ్లు దొరకడం లేదు.

2010లో జపాన్ బృందం డైమండ్ అన్విల్ సెల్‌లో (రెండు వజ్రాల మొనల మధ్య నమూనాను నొక్కే పరికరం) 377 జీపీఏ (గిగాపాస్కల్), 5,700 కెల్విన్ దాకా వెళ్లిందని చదివాను. భూమి నట్టనడుమ పీడనం 364 జీపీఏ కదా, అంటే దాన్ని దాటేశారు. మరి అంత దూరం వెళ్లగలిగినప్పుడు, లోపలి కేంద్రకం అంచు దగ్గర ఇనుము ఎంత వేడికి కరుగుతుందన్న ప్రశ్నకు ఒక పేపర్‌లో 4,850 కెల్విన్ అనీ, ఇంకో పేపర్‌లో 6,230 అనీ ఎందుకు ఉంది? ఒకే లోహానికి దాదాపు 1,400 డిగ్రీల తేడా ఎలా వస్తుంది?

రెండో సంగతి. ఈ రంగంలో చేతిపని ఎంత, కంప్యూటర్ పని ఎంత? సీస్మాలజీ వైపు నుంచి వస్తే నయమా, మినరల్ ఫిజిక్స్ వైపు వెళ్తే నయమా? దయచేసి పైపైన కాకుండా వివరంగా చెప్పండి.


వజ్రపుమొన (జవాబు)

ముందు మీ అంకెల సంగతి తేలుద్దాం. 2010 నాటి ప్రయోగం అడిగింది ఇనుము ఎప్పుడు కరుగుతుందని కాదు, అక్కడ ఘనరూపంలో ఇనుము స్ఫటిక నిర్మాణం ఏమిటని. షట్కోణ నిర్మాణం (హెచ్‌సీపీ) నిలుస్తుందని తేలింది. మీరు చెప్పిన రెండు కరుగుడు ఉష్ణోగ్రతల్లో ఏదీ 330 జీపీఏ (లోపలి కేంద్రకం అంచున ఉండే పీడనం) దగ్గర నేరుగా కొలిచింది కాదు. 1993లో బోలర్, 2013లో అంజెలిని బృందం, ఇద్దరూ దాదాపు 200 జీపీఏ దాకా కొలిచి, అక్కడి నుంచి గీతను 330కి పొడిగించారు. 2013 ఫలితానికి వాళ్లు రాసుకున్న అనిశ్చితి 500 కెల్విన్. పేపర్ చదివేటప్పుడు సారాంశంలో ఉన్న అంకె కన్నా, కొలత ఎక్కడ ఆగింది, గీత ఎక్కడ మొదలైంది అన్నది ముందు చూడండి.

తేడాకు కారణం చెప్పాలంటే సెల్ లోపలికి వెళ్లాలి. పీడనం తేవడం కష్టమే, కాని ఊహించినంత బలం అక్కర్లేదు. వజ్రం మొనను చదునుగా కోస్తారు, దాన్ని క్యూలెట్ అంటారు. క్యూలెట్ వ్యాసం 100 మైక్రాన్లు ఉంటే, దాని మీద 150 జీపీఏ రావడానికి లెక్క ప్రకారం 120 కిలోల బరువు మోపితే చాలు. నిజానికి గాస్కెట్ (వజ్రాల మధ్య నమూనాను పక్కలకు పోకుండా పట్టి ఉంచే లోహపు రేకు) కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇంకొంచెం పడుతుంది. అలెన్ కీతో నాలుగు మరలు తిప్పి తేగల బలం ఇది. కష్టమంతా ఆ 120 కిలోలను పక్కకు జారకుండా సూటిగా దించడంలో ఉంది.

వరస ఇలా ఉంటుంది. రెండు వజ్రాలను టంగ్‌స్టన్ కార్బైడ్ సీట్ల మీద ఎపాక్సీతో అతికిస్తారు. మైక్రోస్కోప్ కింద క్యూలెట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా పక్కమరలతో జరుపుతారు. తర్వాత రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడాలి. దాదాపు తాకించినప్పుడు రంగుల చారలు కనిపిస్తాయి. చారలు ఎన్ని ఉంటే అంత వంపు ఉన్నట్టు. ఒక చార మిగిలే దాకా, వీలైతే అదీ పోయే దాకా సరిచెయ్యాలి. ఇక్కడ తొందరపడినవాళ్ల వజ్రాలు మూడో నాలుగో లోడింగ్‌లో పగులుతాయి. పగుళ్లు నేరుగా పీడనం వల్ల రావడం తక్కువ. వంపు ఉంటే ఒక అంచు రెండోదాన్ని ముందుగా తాకుతుంది, అక్కడి నుంచి చీలిక మొదలవుతుంది.

గాస్కెట్‌కు రీనియం రేకు, సుమారు 250 మైక్రాన్ల మందం. దాన్ని వజ్రాల మధ్య పెట్టి 20, 25 జీపీఏ దాకా నొక్కి గుంట పడేలా చేస్తారు. 300 మైక్రాన్ల క్యూలెట్‌కు గుంట మందం 30 మైక్రాన్ల చుట్టూ ఉండాలి, 100 మైక్రాన్ల క్యూలెట్‌కు 20 చుట్టూ. గుంట నడుమ లేజర్‌తోనో స్పార్క్ ఎరోజన్ యంత్రంతోనో రంధ్రం వేస్తారు. రంధ్రం వ్యాసం క్యూలెట్‌లో మూడో వంతు. 300 క్యూలెట్‌కు 100 మైక్రాన్లు, 100 క్యూలెట్‌కు 30 నుంచి 35. రంధ్రం నడిమధ్యన లేకపోతే నొక్కేకొద్దీ ఒక పక్కకు పారుతుంది. ఇంకో గుర్తు కూడా పెట్టుకోండి: నొక్కుతుంటే రంధ్రం కొద్దిగా ముడుచుకోవాలి. పెద్దదవుతూ పోతుంటే గాస్కెట్ మరీ మందంగా ఉందనో, లోపల పీడన మాధ్యమం ఎక్కువైందనో అర్థం. అక్కడితో ఆపి, దించేసి, కొత్త గాస్కెట్ చేసుకోవడం మేలు. ఇంకొంచెం చూద్దామని తిప్పితే వజ్రం పోతుంది.

100 జీపీఏ దాటాలంటే క్యూలెట్ చుట్టూ ఎనిమిది డిగ్రీల చిన్న వాలు (బెవెల్) కోయించాలి. ఒత్తిడికి వజ్రం మొన నిజంగానే గిన్నెలా లోపలికి వంగుతుంది. వాలు లేకపోతే ఆ వంపులో అంచులు ఒకదాన్నొకటి తాకుతాయి. 300 జీపీఏ దాటే ప్రయోగాలకు క్యూలెట్ 40 మైక్రాన్లు, ఒక్కోసారి అంతకన్నా చిన్నది. అప్పుడు లోపల పట్టే నమూనా పరిమాణం ఎంతో మీరే ఊహించండి.

ఇక నింపడం. ఇనుము ప్రయోగమైతే 5 మైక్రాన్ల మందం రేకు ముక్క, దానికి పైన ఒకటి, కింద ఒకటి పొటాషియం క్లోరైడ్ పొరలు. ఆ పొరలు రెండు పనులు చేస్తాయి. వజ్రం వేడిని అద్భుతంగా లాగేస్తుంది కాబట్టి దానికీ ఇనుముకూ మధ్య అడ్డుగా ఉంటాయి. పీడనాన్ని అన్ని వైపులా కొంత సమంగా పంచుతాయి. పొటాషియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని నింపాక సెల్‌ను మూయకుండా 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో గంటకు తగ్గకుండా ఉంచి, తీసిన వెంటనే మూసెయ్యాలి. ఈ మెట్టు దాటేస్తే నీటిలోని హైడ్రోజన్ వేడిలో ఇనుములోకి పోతుంది. స్ఫటిక ఘనపరిమాణం పెరుగుతుంది, మీరు కొలిచేది ఇనుము కాకుండా ఐరన్ హైడ్రైడ్ అవుతుంది. విచిత్రమేమిటంటే డేటా చూడటానికి చక్కగానే ఉంటుంది. తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు.

ఆ 1,400 డిగ్రీల తేడాకు జవాబు కూడా ఇలాంటిదే. 1993 నాటి పద్ధతిలో లేజర్ తాకిన ఇనుము ఉపరితలం కదలడం కనిపిస్తే కరిగిందని లెక్కకట్టేవారు. 2013లో ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో (స్ఫటికం నుంచి చెదిరిన ఎక్స్-రేల చిత్రం) చూస్తే, ఇనుము కరగక ముందే దాని స్ఫటికాలు చకచకా చెదిరి కొత్తగా ఏర్పడుతుంటాయని తెలిసింది. వాళ్ల వాదన ప్రకారం మునుపు కరగడం అనుకున్నది ఈ కదలికే. నిజంగా కరిగినప్పుడు ఎక్స్-రే చిత్రంలో పదునైన గీతల కింద మెత్తటి వెడల్పాటి వలయం పుడుతుంది. ఆ తర్వాత 2016లో ఎక్స్-రే శోషణ పద్ధతితో ఇంకో బృందానికి మళ్లీ తక్కువ అంకెలే వచ్చాయి. 2018లో వచ్చిన వివరణ ఏమిటంటే, వజ్రం నుంచి కార్బన్ ఇనుములోకి చేరిందని. కార్బన్ కలిసిన ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. కాబట్టి ‘ఎవరిది తప్పు’ అని అడిగే బదులు ‘ఆ క్షణంలో లేజర్ కింద ఉన్నది ఏ పదార్థం’ అని అడగడం అలవాటు చేసుకోండి.


కోర్_విద్యార్థి

చాలా ధన్యవాదాలండీ. రెండు అనుమానాలు మిగిలాయి. లోపల పీడనం ఎంతుందో ఎలా తెలుస్తుంది? సెల్‌కు మీటరేమీ ఉండదు కదా. వేల డిగ్రీల వేడిని ఏ థర్మోకపుల్ తట్టుకుంటుంది?


వజ్రపుమొన

పీడనానికి మామూలుగా కెంపు వాడతారు. ఐదు మైక్రాన్ల కెంపు పూసను రంధ్రం అంచు దగ్గర వేసి, దాని మీద ఆకుపచ్చ లేజర్ పంపితే ఎర్రగా మెరుస్తుంది. మామూలు పీడనంలో ఆ మెరుపు గీత (ఆర్1) తరంగదైర్ఘ్యం 694.24 నానోమీటర్లు. పీడనం పెరిగితే గీత జరుగుతుంది, మొదట్లో ఒక్కో జీపీఏకు 0.365 నానోమీటర్లు.

పై పీడనాల్లో సరళరేఖ పనికిరాదు. 1986 నాటి మావో కొలమానం ప్రకారం, కొత్త తరంగదైర్ఘ్యాన్ని పాతదానితో భాగించి, దానికి 7.665 ఘాతం వేసి, అందులోంచి 1 తీసేసి, వచ్చిన దాన్ని 1904/7.665తో హెచ్చవేస్తే జీపీఏలో పీడనం వస్తుంది. ఇది మెత్తటి మాధ్యమానికి. గట్టి మాధ్యమమైతే 7.665 బదులు 5 వేస్తారు. ఉదాహరణకు గీత 711.05 దగ్గర కనిపించిందనుకుందాం. మొదటి సూత్రంతో 50 జీపీఏ, రెండోదానితో 48.4. ఒకే స్పెక్ట్రమ్‌కు రెండు పీడనాలు. అందుకే పేపర్‌లో ‘పీడనం కెంపుతో కొలిచాం’ అని రాస్తే చాలదు, ఏ కొలమానమో రాయాలి.

గది వేడి కూడా మరవకండి. పది డిగ్రీలు పెరిగితే గీత దాదాపు 0.07 నానోమీటర్లు జరుగుతుంది, అది 0.2 జీపీఏకు సమానం. లేజర్ వేడి ఆపిన మరుక్షణం కెంపు చదివితే అబద్ధం చెబుతుంది. 100 జీపీఏ దాటాక కెంపు మెరుపు నీరసపడుతుంది, వజ్రమే మెరవడం మొదలుపెడుతుంది. అక్కడ వజ్రం తాలూకు రామన్ గీత అంచును వాడతారు. మామూలుగా 1332.5 సెం.మీ⁻¹ దగ్గర ఉండే ఆ గీత క్యూలెట్ కొసన ఒత్తిడికి పైకి జరుగుతుంది. సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్-రేలు ఇచ్చే పెద్ద యంత్రం) అయితే పక్కనే ఉన్న పొటాషియం క్లోరైడ్ లాటిస్ (స్ఫటికంలో పరమాణువుల అమరిక) కొలతే పీడనం చెబుతుంది.

ఉష్ణోగ్రత సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడున్నారు.


బీమ్‌లైన్_రాత్రులు

థర్మోకపుల్ పెట్టరు, వెలుగును చదువుతారు. 1.06 మైక్రాన్ల చుట్టూ తరంగదైర్ఘ్యం ఉన్న ఫైబర్ లేజర్‌ను రెండు వైపుల నుంచీ నమూనా మీదికి పంపిస్తారు. వేడెక్కిన చోటు నుంచి వచ్చే కాంతిని సుమారు 600 నుంచి 900 నానోమీటర్ల మధ్య స్పెక్ట్రోమీటర్‌లో తీసుకుని ప్లాంక్ వక్రరేఖతో పోల్చి ఉష్ణోగ్రత తీస్తారు. స్పెక్ట్రోమీటర్‌నూ దారిలోని లెన్సులనూ ముందు తెలిసిన టంగ్‌స్టన్ దీపంతో కాలిబ్రేట్ చెయ్యాలి. రోజు మొదట్లో ఒకసారి, దారిలో ఏ అద్దం ముట్టుకున్నా మళ్లీ ఒకసారి.

లోపాలు మూడు చోట్ల పుడతాయి. మొదటిది, లెన్సులు ఎరుపునూ నారింజనూ ఒకే చోట కేంద్రీకరించవు. పిన్‌హోల్‌లోకి ఒక రంగు నట్టనడుమ నుంచీ, ఇంకో రంగు చల్లటి అంచు నుంచీ వస్తే వక్రరేఖ వాలు మారిపోతుంది. వందల డిగ్రీల తప్పు అలా వస్తుంది. అద్దాలతో కట్టిన ఆప్టిక్స్ వాడేది ఇందుకే. రెండోది, వేడి మచ్చ వెడల్పు 20 మైక్రాన్లైతే, ఎక్స్-రే పుంజం 2 నుంచి 5 మైక్రాన్లు. రెండూ ఒకే బిందువు మీద పడకపోతే ఉష్ణోగ్రత ఒక చోటిదీ, డిఫ్రాక్షన్ ఇంకో చోటిదీ అవుతుంది. ప్రతి వేడింపు ముందూ, తర్వాతా ఎక్స్-రే తాకినప్పుడు ఉప్పు (పొటాషియం క్లోరైడ్) పొర ఇచ్చే నీలి మెరుపును కెమెరాలో చూసి గుర్తు పెట్టుకోవాలి. మూడోది, లేజర్ శోషణ నమూనా ఉపరితలంలోనే జరుగుతుంది. ఉప్పు పొర ఒక వైపు పలచబడితే ఆ వైపు చల్లబడుతుంది. రెండు వైపుల ఉష్ణోగ్రతలూ 100 కెల్విన్ కన్నా ఎక్కువ తేడాగా వస్తుంటే ఆ నమూనా మీద ఇక సమయం పెట్టకండి.

వేడిచేస్తే లోపల పీడనం కూడా పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో 100 జీపీఏ ఉన్న నమూనా మూడు వేల కెల్విన్ల దగ్గర అంతకన్నా చాలా జీపీఏలు ఎక్కువ ఉంటుంది. చల్లారాక మొదటికన్నా తక్కువకు దిగిపోవడమూ ఉంది. వేడికి ముందు కొలిచిన పీడనాన్నే పట్టికలో రాసేస్తే ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు.

బీమ్‌టైమ్, అంటే సింక్రోట్రాన్‌లో ప్రయోగానికి ఇచ్చే సమయం గురించి. పేరున్న చోట్లు జపాన్‌లో స్ప్రింగ్-8 బీఎల్10ఎక్స్‌యూ, ఫ్రాన్స్‌లో ఈఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ27, అమెరికాలో ఏపీఎస్ సెక్టార్ 13, సెక్టార్ 16, జర్మనీలో పెట్రా-3 పీ02.2. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2లో బీఎల్-11 అధిక పీడన డిఫ్రాక్షన్ కోసమే కట్టింది. అడుగు మోపడానికి అది మంచి చోటు. జపాన్‌లోని ఫోటాన్ ఫ్యాక్టరీలోనూ, పెట్రా-3లోనూ భారత పరిశోధకులకు డీఎస్‌టీ (కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ) సహకారంతో సమయం దొరికే ఏర్పాట్లు ఉన్నాయి. దరఖాస్తు రెండు మూడు పేజీలే. అందులో సమీక్షకులు చూసేది ఒకటే: ఇన్ని గంటలు ఎందుకు కావాలి? ‘ఆరు సెల్‌లు, ఒక్కోదానికి నాలుగు పీడనాలు, ఒక్కో పీడనం దగ్గర అరగంట వేడింపు, మధ్యలో సెల్ మార్చడానికి గంట’ అని లెక్క కట్టి చూపండి. గ్రహాల పుట్టుక గురించి ఒక పేజీ రాసి, గంటల లెక్క ఒక వాక్యంలో చెప్పిన దరఖాస్తులు వెనక్కి వస్తాయి.

దొరికిన మూడు రోజుల్లో వరసగా షిఫ్టులు, రాత్రిళ్లు కూడా. కావలసిన దానికి రెట్టింపు సెల్‌లు ముందే నింపి, ల్యాబ్‌లోనే 20, 30 జీపీఏ దాకా ఎక్కించి తీసుకెళ్లండి. సగం పోతాయనే లెక్కతోనే వెళ్లాలి.


హెచ్‌వైబీ_శ్రోత

సీస్మాలజీ దారి గురించి అడిగారు కాబట్టి. వజ్రపుమొన గారు చెప్పిన సంఖ్యలన్నీ చివరికి పోల్చేది భూకంప తరంగాలు ఇచ్చిన సాంద్రత, వేగాలతోనే. 2,891 కిలోమీటర్ల లోతున మాంటిల్ అయిపోతుందనీ, అక్కడ పీడనం 136 జీపీఏ అనీ, 5,150 దగ్గర లోపలి కేంద్రకం మొదలవుతుందనీ చెప్పేది 1981 నాటి ప్రెమ్ నమూనా. బయటి కేంద్రకం స్వచ్ఛమైన ఇనుము కన్నా 7 నుంచి 10 శాతం తేలిక అని తెలియకపోతే గంధకం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి ఇన్ని ప్రయోగాలు చేసే అవసరమే రాదు.

ఈ రంగంలో ఇంగ్ లెమాన్ వృత్తి జీవితం చూడండి. డెన్మార్క్ జియోడెటిక్ ఇన్‌స్టిట్యూట్‌లో 1928 నుంచి సీస్మాలజీ విభాగం ఆమె చేతిలో ఉండేది. 1929 న్యూజిలాండ్ భూకంపం తరంగాలు, నీడ ప్రాంతంలో, అంటే భూకంపం నుంచి కోణదూరం సుమారు 104 నుంచి 143 డిగ్రీల మధ్య, రాకూడని చోట సన్నగా కనిపించాయి. యంత్రాల లోపమని పక్కన పెట్టగలిగేంత చిన్న గీతలు అవి. 1936లో ఆమె వాటి ఆధారంగానే లోపల ఇంకో కేంద్రకం ఉందని చెప్పారు. కంప్యూటర్ లేదు, ప్రతి స్టేషన్ సమయాలూ చేత్తో చదివినవే.

మీరు ఇవాళే మొదలుపెట్టగల పని ఒకటుంది, ఖర్చు లేదు. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ దగ్గరున్న హెచ్‌వైబీ స్టేషన్ ఫ్రెంచి జియోస్కోప్ నెట్‌వర్క్‌లోది, డేటా అందరికీ ఉచితం. హైదరాబాద్‌కు భూగోళం మీద సరిగ్గా ఎదురు బిందువు పసిఫిక్‌లో పడుతుంది, దానికి 30 డిగ్రీల దూరంలో ఉత్తర చిలీ. అంటే ఉత్తర చిలీ భూకంపాలు హైదరాబాద్‌కు 150 డిగ్రీల దూరంలో పుడతాయి. కేంద్రకం చదవడానికి ఇంతకన్నా మంచి దూరం లేదు. లోపలి కేంద్రకంలోంచి వచ్చే తరంగం (పీకేఐకేపీ), బయటి కేంద్రకం అడుగున తిరిగి వచ్చేది (పీకేపీ-బీసీ), పైభాగంలో తిరిగేది (పీకేపీ-ఏబీ), మూడూ కొద్ది సెకన్ల తేడాతో విడివిడిగా కనిపిస్తాయి.

పైథాన్‌లో ఆబ్స్‌పై (భూకంప డేటా చదివే ఉచిత లైబ్రరీ) పెట్టుకోండి. చిలీ ఉత్తర భాగంలో 100 కిలోమీటర్లు, ఆ పైన లోతున్న, 6 చుట్టూ తీవ్రత ఉన్న భూకంపాలు ఎంచుకోండి. పెద్దదైతే స్పష్టంగా ఉంటుందని 2005 జూన్ 13 నాటి తారాపకా భూకంపం (7.8) తీసుకుంటే చిక్కే. భ్రంశం చీలడానికే చాలా సెకన్లు పట్టి, మూడు తరంగాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లోతు తక్కువైతే భూతలం తాకి వచ్చే ప్రతిధ్వని వెంటనే వచ్చి గందరగోళం చేస్తుంది. నిలువు కాంపొనెంట్ తీసుకుని, పరికరం స్పందన తొలగించి, 0.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య ఫిల్టర్ చేసి, దానిలోని టావ్-పీ లెక్కించిన రాక సమయాలు పైన గీసి చూడండి. భూకంపం పుట్టిన దాదాపు 20 నిమిషాలకు వస్తాయి.

ఒక్కో తరంగం రాక సమయాన్ని విడిగా నమ్మకండి. స్టేషన్ గడియారం తప్పయినా, భూకంపం లోతు తప్పుగా ఇచ్చినా అది మారిపోతుంది. బీసీకీ, లోపలి కేంద్రకం తరంగానికీ మధ్య తేడా కొలవండి. రెండూ మాంటిల్‌లో ఇంచుమించు ఒకే దారిన వస్తాయి కాబట్టి ఆ తప్పులు చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. లోపలి కేంద్రకంలో తరంగాలు భూభ్రమణ అక్షం వెంబడి సుమారు 3 శాతం వేగంగా పోతాయన్న సంగతి ఇలాంటి తేడాలతోనే బయటపడింది.

అంగారకుడి డేటా కూడా ఇలాగే ఉచితం. నాసా నౌక ఇన్‌సైట్ 2018 నవంబర్‌లో దిగి 2022 డిసెంబర్ దాకా విన్నది ఒక్క సీస్మోమీటర్‌తోనే. 2021లో కేంద్రకం వ్యాసార్ధం 1,830 కిలోమీటర్లు, 40 అటూ ఇటూ అన్నారు. 2023లో మాంటిల్ అడుగున కరిగిన సిలికేట్ పొర ఉందని గుర్తించాక 1,650 నుంచి 1,675 చుట్టూ అని సవరించారు. చిన్నదైన కేంద్రకం సాంద్రత పెరిగింది. అందులో అన్ని తేలిక మూలకాలు పట్టించాల్సిన ఇబ్బంది కూడా తగ్గింది. ఒకే స్టేషన్ మీద ఆధారపడితే పొర ఒకటి తప్పిపోవడానికి ఎంత అవకాశం ఉంటుందో చూడండి.


పెద్దప్రెస్

అందరూ వజ్రం గురించే చెబుతున్నారు, మల్టీ అన్విల్ ప్రెస్ గురించి కూడా ఒక మాట. మాంటిల్ మీద మనసుంటే ఇదే మంచిది. నమూనా మిల్లీమీటర్ పరిమాణంలో ఉంటుంది, నిజమైన థర్మోకపుల్ పెట్టుకోవచ్చు, వేడి గంటల తరబడి నిలకడగా ఉంటుంది. మామూలు టంగ్‌స్టన్ కార్బైడ్ ఘనాలతో 25 జీపీఏ చుట్టూ ఆగుతుంది. అది 660 కిలోమీటర్ల లోతున పై మాంటిల్‌కూ కింది మాంటిల్‌కూ మధ్య ఉన్న సరిహద్దును దాటడానికి సరిపోతుంది.

ఎనిమిది కార్బైడ్ ఘనాల మూలలు కోసి, మధ్యన మెగ్నీషియా అష్టముఖి పెడతారు. అష్టముఖి అంచు 14 మిల్లీమీటర్లు, కోత 8 అయితే దాన్ని 14/8 అంటారు. 10/4తో పై పీడనాలు. అష్టముఖిలో లాంథనం క్రోమైట్ హీటర్, లోపల క్యాప్సూల్, టంగ్‌స్టన్-రీనియం థర్మోకపుల్. ప్రెస్ చూపించే టన్నులకూ లోపలి పీడనానికీ నేరుగా సంబంధం లేదు. గది వేడిలో బిస్మత్ (2.55 జీపీఏ), జింక్ సల్ఫైడ్ (15.6), గాలియం ఆర్సెనైడ్ (18.3) విద్యుత్ నిరోధం హఠాత్తుగా మారే బిందువులతో గీత గీసుకోవాలి. తర్వాత వేడిలో కోయసైట్ స్టిషోవైట్‌గా మారే బిందువు లాంటి వాటితో మళ్లీ సరిచూసుకోవాలి.

చెడేది ఎక్కువగా దించేటప్పుడు. గాస్కెట్లు ఒక్కసారిగా తన్నుకుని బయటికి వస్తే ఘనాలు ముక్కలవుతాయి. పన్నెండు, పదిహేను గంటలు తీసుకుని దించాలి. ఇంటికి వెళ్లే తొందరలో ఐదు గంటలకు కుదిస్తే పగిలేవి కార్బైడ్ ఘనాలే కాదు, తెల్లవారి తీయవలసిన నమూనా కూడా. థర్మోకపుల్ తీగ మధ్యలో తెగితే ఆ ప్రయోగం ఆపనక్కర్లేదు, అదే అమరికతో ముందు కట్టుకున్న వాటేజ్-ఉష్ణోగ్రత గీత మీద నడపవచ్చు. కాని పేపర్‌లో ఆ సంగతి స్పష్టంగా రాయాలి.

నేర్చుకోవడానికి జర్మనీ బైరాయిట్‌లోని జియోఇన్‌స్టిట్యూట్, జపాన్ మత్సుయామాలో ఎహిమే విశ్వవిద్యాలయం జీఆర్‌సీ పేరున్న చోట్లు. జర్మనీలో పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతంతో ఒప్పందం ఉద్యోగం. ప్రొఫెసర్‌కు నేరుగా రాయాలి. ఆయన ఈమధ్య ప్రచురించిన ఒక పేపర్‌లో ఒక పట్టికను మీరు సొంతంగా మళ్లీ లెక్కకట్టి, వచ్చిన తేడా ఏమిటో ఐదు వాక్యాల్లో రాయండి. మార్కుల జాబితా కన్నా అది ముందు చదువుతారు.


లెక్కలగది

కంప్యూటర్ దారిని ఒక పేరాలో చెబుతాను. క్వాంటం ఎస్ప్రెసో ఉచితం, డెన్సిటీ ఫంక్షనల్ లెక్కలు (ఎలక్ట్రాన్ల నుంచి పదార్థ గుణాలు తీసేవి) దాంతో మొదలుపెట్టవచ్చు. ఇనుముకు కేంద్రక పీడనాల్లో 3పీ ఎలక్ట్రాన్లను కూడా లెక్కలో చేర్చిన సూడోపొటెన్షియల్ వాడండి. వాటిని వదిలేస్తే పీడనం అబద్ధం చెబుతుంది. ఎనర్జీ కటాఫ్‌ను, కే-బిందువుల జాలాన్ని పెంచుకుంటూ పీడనం 0.5 జీపీఏ లోపు నిలకడైందా చూసుకోకుండా ముందుకు పోకండి. కరిగే ఉష్ణోగ్రత తియ్యడానికి ఒక్క స్ఫటికాన్ని వేడిచేస్తూ పోతే అది కరగవలసిన చోటు దాటి చాలా పైదాకా ఘనంగానే నిలుస్తుంది. అందుకని సగం ఘనం, సగం ద్రవం పక్కపక్కన పెట్టి ఏది పెరుగుతుందో చూడటమో, రెండింటి స్వేచ్ఛాశక్తులు పోల్చడమో చెయ్యాలి. 2002లో స్వేచ్ఛాశక్తుల దారిలో ఆల్ఫే బృందానికి 330 జీపీఏ దగ్గర సుమారు 6,350 కెల్విన్ వచ్చింది, పైన చెప్పిన 2013 ప్రయోగానికి దగ్గరగానే. 2000లో ఇంకో పద్ధతిలో 5,400 వచ్చిన లెక్క కూడా ఉంది. అంటే ప్రయోగాలు మాత్రమే కొట్టుకుంటాయి, లెక్కలు ఏకమాట చెబుతాయి అనుకోకండి.


కోర్_విద్యార్థి

అందరికీ రుణపడి ఉంటాను. ప్రయోగాల వైపే మొగ్గుతున్నాను. ఇప్పుడు నా దగ్గర ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. నెట్, గేట్ రాస్తూనే వచ్చే ఆరు నెలల్లో చేతికి అలవాటయ్యే పని ఏదైనా ఉందా?


వజ్రపుమొన

ఉంది. సీఎస్‌ఐఆర్-నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్, గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్, రెండూ రాయండి, మన దగ్గర ఫెలోషిప్‌కు అవే తలుపులు. వాటితో పాటు డయోప్టాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకోండి. సింక్రోట్రాన్ డిటెక్టర్ చిత్రంలోని వలయాలను గ్రాఫ్‌గా మార్చేది అదే. మొదట సీరియం ఆక్సైడ్ చిత్రంతో డిటెక్టర్ దూరం, వంపు కాలిబ్రేట్ చెయ్యడం నేర్చుకోండి. తర్వాత ఇనుము ఉన్న చిత్రం తీసుకుని, వజ్రం చిమ్మే పెద్ద మచ్చలను చేత్తో మాస్క్ చెయ్యండి. చెయ్యకపోతే గ్రాఫ్‌లో లేని గీతలు పుడతాయి, వాటికి కొత్త ఖనిజం పేరు పెట్టాలనిపిస్తుంది.

హెచ్‌సీపీ ఇనుముకు 100, 002, 101 అనే మూడు గీతలు గుర్తుపట్టి, వాటి నుంచి రెండు లాటిస్ కొలతలు, వాటి నుంచి ఘనపరిమాణం తియ్యండి. రెండింటి నిష్పత్తి 1.60 చుట్టూ రావాలి. 1.58కో 1.63కో పోతే గీత ఒకటి తప్పుగా గుర్తుపట్టారు, లేదా నమూనాలో ఒత్తిడి ఒక దిక్కున ఎక్కువైంది. అదే చిత్రంలో పొటాషియం క్లోరైడ్ గీతలు కూడా ఉంటాయి. వాటితో పీడనం తీసి, ఇనుము ఘనపరిమాణం ఇచ్చే పీడనంతో పోల్చండి. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో రాసుకోండి. మూడో నెలకు ఇరవై చిత్రాలు చేసి ఉంటే బాగుంటుంది.

చేతిపనికి ఇంకొకటి. మీ డిపార్ట్‌మెంట్‌లో శిలల పరీక్షకు స్టీరియో మైక్రోస్కోప్ ఉంటుంది. దాని కింద వంటింటి అల్యూమినియం ఫాయిల్ నుంచి సూదిమొనతో 50 మైక్రాన్ల ముక్కలు కోసి, ఒక గుర్తు మీద నుంచి ఇంకో గుర్తు మీదికి చేర్చడం సాధన చెయ్యండి. పట్టకారు వద్దు, సూది కొసకు ముక్క తనంతట తనే అతుక్కుంటుంది. ఫ్యాన్ ఆపండి. ఎండాకాలం పొడిగాలిలో స్థిరవిద్యుత్‌కు ముక్క ఎగిరిపోతుంది, పక్కన తడిగుడ్డ పెట్టుకుంటే కొంత నయం. విశాఖలో ఆ బాధ తక్కువేలెండి, మీకు ఉప్పు ఆరబెట్టడమే కష్టం.